జీన్ తుపాకీకి సరిపడే తూటా

2007 ఫిబ్రవరి 18, ఆదివారం

ఈరోజూ అంతే. వంద గజాల నుంచి ఐదు కాలిస్తే కాగితం మీద ఐదూ ఐదు వైపులకి. సాసరంత వెడల్పు. పోయిన వారం వేరే కంపెనీ తూటాల డబ్బా కొన్నాను, అప్పుడూ ఇదే వరస.

తుపాకీ జీన్‌ది. అసలు వాళ్లాయనది. సన్న గుండు, ఒకసారికి ఒకటే తూటా పట్టే పాత రైఫిల్. ఆయన పోయాక ఇనప బీరువాలోనే ఉండిపోయింది. జీన్ చేతులు వణుకుతున్నాయి, ఇక పట్టుకోలేరు. పోలీసుల అనుమతితో ఇప్పుడు నా లైసెన్సు మీదికి మారింది.

మా షూటింగ్ క్లబ్బులో టీ కాచేది ఆవిడే. స్విండన్ పట్నం దాటాక కొండవాలున ఆవిడ గొర్రెల ఫామ్. నిరుడు పుట్టిన గొర్రెపిల్లల్ని నక్కలు వరసగా ఎత్తుకుపోయాయి. ఈ ఏడూ అలాగే అయితే మంద అమ్మేస్తారట. మార్చి చివర్లో గొర్రెలు ఈనడం మొదలు. "నీ చెయ్యి కదలదు, ఆ నక్కల సంగతి నువ్వు చూడు" అని నన్నడిగారు.

ఒప్పుకున్నాను. కానీ ఇంత వెడల్పుతో ప్రాణమున్నదాని మీద పేల్చను. దెబ్బ తిని పొదల్లోకి ఈడ్చుకుంటూ పోతే... ఐదూ పది పెన్నీల బిళ్ల కిందికి రావాలి. అప్పుడే.

ఫిబ్రవరి 20

మా ఆయన మురళి అన్నం కలుపుకుంటూ — "ఏమిటికి మనకు ఇవన్నీ పద్మా? కాగితాల మీద కాల్చుకుంటాండావు కదా, అది చాల్లేదా?"

మా నాన్న గుర్తొచ్చాడు. అడవిపందులు తొక్కిపోయిన శనగచేను చూసి గట్టు మీద అలాగే కూలబడ్డాడు, ఎండెక్కేదాకా లేవలేదు. జీన్ ముఖంలో అదే కనిపించింది. మురళికి చెప్పాలి. ఈ రోజు కాదు.

ఫిబ్రవరి 24

గోర్డన్ గారి షెడ్డు. క్లబ్బులో అందరికంటే పెద్దాయన, రిటైరైన జాగ్రఫీ మాస్టారు. తూటా ఇంట్లోనే తయారు చేయడం నేర్పుతున్నారు. కాల్చేసిన ఇత్తడి తొడుగు శుభ్రం చేయాలి, అడుగున మందు అంటించే చిన్న బిళ్ల, ప్రైమర్, కొత్తది నొక్కాలి, తుపాకీ మందు తూచి పోయాలి, పైన గుండు కూర్చోబెట్టాలి. పుస్తకంలో చెప్పిన తక్కువ మోతాదుతో మొదలు, అందులోని పై హద్దు దాటకూడదు.

కొన్న తూటా అందరికీ కుట్టిన చొక్కా లాంటిదట. ఈ తుపాకీ ఒంటికి మనమే కొలత తీసుకోవాలన్నారు. ఒకసారికి ఒక్కటే మార్చు, మిగతావి ముట్టుకోకు అని కూడా. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు పేరుతో నేను చేసే పనీ అదే. నవ్వొచ్చింది.

మార్చి 4

మందు రవ్వంత పెంచాను. కాస్త నయం. ఇంకో రవ్వంత — మళ్లీ చెదిరాయి.

మార్చి 7

వాన. క్లబ్బులో కాల్చే చోటు, రేంజి, మూశారు. ఇంట్లో కూచుని తొడుగులు తుడిచాను.

మార్చి 11

మూడు ఒకే రంధ్రంలో పడ్డాయి! ఊపిరి బిగబట్టి మిగతా రెండూ కాల్చాను. అవి ఎక్కడో పైన. అదే మోతాదుతో మళ్లీ ఐదు. మొత్తం చెల్లాచెదురు.

జీన్ టీ ఇచ్చి, మంద చూడ్డానికి గొర్రెల మార్కెట్ నుంచి ఒకాయన వస్తాడని చెప్పారు.

మార్చి 18, ఆదివారం

నా కారు గ్యారేజీలో ఉంది. మురళి దింపాడు. దింపి వెళ్లిపోతాడనుకున్నా. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి గోర్డన్ గారి దుర్భిణికి కన్ను ఆనించాడు. వచ్చేటప్పుడు దారిలోనే శనగచేను సంగతి చెప్పాను. ఊఁ అన్నాడంతే.

తుపాకీని ఇసుక సంచి మీద ఆనించి రెండు వరసలు కాల్చాక వెనకనుంచి — "పద్మా, ఆ తుపాకీ చెక్క ఇసుక సంచి మీద ముందుకు జరిపినప్పుడల్లా గుండు పైకి పోతాండాది. వెనక్కి పెడితే కిందికి. చూసుకో."

నేనసలు గమనించలేదు. ఇన్ని వారాలూ మందునే అనుమానించాను!

గోర్డన్ గారు స్క్రూ విప్పి చూశారు. గొట్టం, అదే బారెల్, కింద ఉండే చెక్క ఒకచోట దాన్ని నొక్కుతోంది. ఆ చోటు సన్నగా గీకారు. సంచి మీద ఎక్కడ ఆనాలో చెక్క మీద పెన్సిల్ గీత. మురళి చేతిని ఆయన గట్టిగా ఊపారు. మా ఆయన ముఖం చూడాలి.

మార్చి 20

ఇప్పుడు గుండు సంగతి. పాత బారెల్‌కి పొడుగు గుండు నచ్చదేమోనని గోర్డన్ గారి ఊహ. పొట్టిది, తేలికది తెప్పించారు. మందు మళ్లీ కింది నుంచి మొదలు.

మార్చి 24, శనివారం

వచ్చింది.

గాలి లేదు. ఐదూ ఒక్కచోట. నమ్మకం కుదరక మళ్లీ ఐదు. మళ్లీ ఒక్కచోటే. మురళి నడిచి వెళ్లి జేబులోంచి బిళ్ల తీసి కాగితం మీద పెట్టాడు. ఒక్క రంధ్రమూ బయటికి కనపడలేదు. అక్కణ్నుంచే చెయ్యెత్తాడు. గోర్డన్ గారు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు.

జీన్‌కి నేనే ఫోన్ చేశాను. మార్కెట్ ఆయన్ని ఇప్పుడే రావద్దంటానన్నారు.

మార్చి 29

మొదటి ఈత. కవలలు. తడిగా, పసుపుపచ్చగా, కాళ్లు నిలవక...

ఏప్రిల్ 1

తెల్లవారుజామున జీన్ ఫామ్ కంచె పక్కన తుపాకీతో బోర్లా పడుకున్నా. నక్క వచ్చింది. తుపాకీ మీది స్కోపులో స్పష్టంగా ఉంది. కానీ గట్టు అంచున నిలబడింది, వెనక ఆకాశం తప్ప మట్టి లేదు. గుండు తప్పితే ఎటు పోతుందో. వేలు తీసేశాను. అది నావైపు చూసి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 3

ఈసారి నక్క దిగువన, వెనక మట్టిగట్టు. నేరుగా ఈనుతున్న గొర్రె వైపు వస్తోంది. ఒక్కటే పేల్చాను. ఉన్నచోటే ఒరిగింది, మళ్లీ కదలలేదు.

సంతోషం అనను. దగ్గరికి వెళ్లి తాకి చూశాను. నొప్పి తెలిసే వ్యవధే ఉండదన్నారు జీన్. మగ నక్క. నా భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు. గొర్రెపిల్లలన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు ఇంతవరకు.

ఇంకో నక్క వస్తుందన్నారు. వస్తుంది.

ఏప్రిల్ 5

స్కూలుకి ఈస్టర్ సెలవులు. మా అమ్మాయి అను టోస్ట్ తింటూ అడిగింది, "డిడ్ యు కిల్ ఇట్, మమ్మీ?" తొమ్మిదేళ్ల పిల్లకి అబద్ధం చెప్పలేను. అవునన్నాను.

నొప్పి పుట్టిందా అంది. లేదమ్మా, తెలియను కూడా తెలియదు అన్నాను. ఇంతగా పాటుపడింది ఈ ఒక్క మాట నిజంగా చెప్పగలగడానికే అనిపించింది.

పిల్లలున్నాయా దానికి, అంది. తెలీదు, అది మగది, పిల్లలుంటే వాళ్లమ్మ దగ్గరే ఉంటాయన్నాను.

"బట్ హి వాజ్ దెయిర్ డాడ్."

మురళి పేపర్ దించాడు. అను మేడెక్కి తలుపు వేసుకుంది.

తల్లి వదిలేసిన గొర్రెపిల్లొకటి ఉంది, సీసాతో పాలు పట్టడానికి అనుని ఆదివారం తీసుకురమ్మన్నారు జీన్. తలుపు బయటే నిలబడి చెప్పాను. వస్తాననలేదు. రాననీ అనలేదు. కాసేపయ్యాక లోపలినుంచి ఇంగ్లీషులోనే — పోయినేటి వెల్లీస్, ఆ రబ్బరు బూట్లు, ఇంకా కాళ్లకి పడతాయా అని.

చూడాలి.