మా అవ్వ మా ఇంటిదేనని టీవీకి తెలియజేయుట గురించి

జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
ప్రజావాణి, భూపాలపల్లి.

అర్జీదారు: గుండెబోయిన ఐలేశ్, తండ్రి కీ.శే. కొమురయ్య, వయస్సు 53 సం., బొగ్గుబావి టైం ఆఫీసులో హాజరు గుమాస్తా, నివాసం కార్మికుల క్వార్టర్లు, భూపాలపల్లి.

విషయం: పైసలు కట్టి చూచు వీడియో యాప్‌లు లెక్కకు మిక్కిలి అగుట గురించి, అందులో ఒకటి నా కన్నతల్లిని "మీరు ఈ ఇంటి సభ్యులు కారు" అనుట గురించి, ఆమె గురువారం బస్సు ఎక్కి పోకముందే తగు పత్రం ఇప్పించుట గురించి.

అయ్యా,

సవినయముగా మనవి చేయునదేమనగా, నేను ఇరవై ఎనిమిదేండ్లుగా బావి గేటు వద్ద కూర్చుండి, ఎవరి పేరు రిజిస్టరులో ఉన్నదో, ఎవరిది లేదో చూచి మనుషులను లోపలికి పంపుచున్నాను. పేరు లేనివాడు ఎంత మొత్తుకున్నా పంపలేదు. వారిలో ఎవరి ఉసురు తగిలినదో గాని, ఇప్పుడు నా ఇంటిలోనే నా తల్లి పేరు లేదట. వివరములు ఈ దిగువన సమర్పించుకొనుచున్నాను.

1. మేము ముగ్గురు అన్నదమ్ములము. పెద్దన్న యాకయ్యకు జనగామలో పంక్చర్ దుకాణం. తమ్ముడు తిరుపతి బయ్యారంలో మిరప తోట వేయును. నడిమివాడను నేను. మా బాపు పోయి తొమ్మిదేండ్లయినా మేము వేరుపడలేదు, పంపకాలు కాలేదు. మా అవ్వ చంద్రమ్మ, వయస్సు 74 సం., ఏడాదిలో ఒక్కొక్కరి ఇంట నాలుగేసి నెలలు వంతు ఉండును. ఈ వంతులు పెట్టినది కూడా ఆమెయే. "ఒక్కని తాన్నే ఉంటే మిగిలిన ఇద్దరు కోడండ్లు పాడైతరు" అని ఆమె వాదన.

2. పూర్వం టీవీ అనగా ఒక డబ్బా, ఒక డిష్షు, ఒక రిమోటు. ఇప్పుడు క్రికెట్టు ఒక యాప్‌లో, సినిమా ఒక యాప్‌లో, అదే సినిమా రెండవ భాగం మరొక యాప్‌లో. ఏది ఎందులో ఉన్నదో వెదికి పట్టుకొనునప్పటికి కంచంలో అన్నం చల్లారును. తీరా దొరికినాక "ఇది మీ ప్యాకేజీలో లేదు" అనును. పైసలు కట్టినా ప్రకటనలు వచ్చును, ప్రకటనలు వద్దన్నచో మళ్లీ పైసలు. చేరుటకు ఒక్క మీట చాలును. విడుచుటకు పదకొండు మీటలు నొక్కవలెను, ప్రతి మీట వద్దా కండ్ల నీళ్లు పెట్టుకొన్న ఒక బొమ్మ వచ్చి "నిజంగానే వెళ్లిపోతున్నారా?" అని అడుగును. నా భార్య రుక్మిణి ఆ బొమ్మను చూచి జాలిపడి రెండుసార్లు మళ్లీ చేరినది.

3. ఇన్నింటిని ఒక్కడు మోయలేడు గనుక, నాట్లప్పుడు మీ పొలానికి మేము, మా పొలానికి మీరు అని బదులు పోయినట్టుగా, అన్నదమ్ములము ఒక ఏర్పాటు చేసుకొంటిమి. అన్న "రంగులపెట్టె" తీసుకొనెను. నేను "చూడుచూడు" తీసుకొంటిని. తమ్ముడు "ఇంటిల్లిపాది ప్లస్" తీసుకొనెను. మూడింటి పాస్‌వర్డు తాళాలు మూడిండ్లలో ఉన్నవి. ఇందులో దొంగతనమున్నదని మాకు తెలియదు. ఉన్నదని ఇప్పుడు కంపెనీవారు అనుచున్నారు.

4. అవ్వ బయ్యారం వంతు ముగించుకొని ఈ నెల మొదటి తేదీన మా ఇంటికి వచ్చినది. ఆమె చూచు సీరియల్ తమ్ముని యాప్‌లో వచ్చును. అందులో ఒక అత్తగారు గతం మరచి, తన ఇంటిలోనే వంటమనిషిగా బతుకుచుండును. మూడు వందల పన్నెండు భాగముల పిమ్మట మొన్న మంగళవారం సాయంత్రం ఆమెకు అన్నీ గుర్తుకు వచ్చినవి. గడపలో నిలబడి, చేయెత్తి, "ఈ ఇల్లు..." అని నోరు తెరచినది. అక్కడ బొమ్మ ఆగినది. నల్లని తెర మీద తెల్లని అక్షరములు వచ్చినవి: "మీరు ఈ ఇంటి సభ్యులు కారు. మీ సొంత ఖాతా తెరవండి."

నా బిడ్డ అఖిల రిమోటు కోసం ఉరికినది గాని అప్పటికే ఆలస్యమైనది. మా అవ్వ వయోజన విద్యాకేంద్రంలో అక్షరాలు నేర్చిన మనిషి. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని రెండుసార్లు చదివినది. చదివి, కండ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, డబ్బాలో పెట్టుకొన్నది.

"టీవీ దానంతట అదే అంటదా?" అన్నది. "ఎవరో చెప్తెనే గద అనేది. ముఖం మీద చెప్పరాక దానితోని చెప్పించిండ్రు."

రుక్మిణి రొట్టె పిండి చేతులతోనే వంటింట్లోంచి వచ్చి, "అయ్యో అత్తమ్మా! నీ మీద ఒట్టు, నేను ఒక్క మాట అననే లేదు" అన్నది.

"నువ్వు అన్నవని నేనన్ననా? భుజాలు తడుముకుంటానవేంది?"

5. నాటి నుండి మా అవ్వ తన సంచి, చెంబు, బీపీ గోళీలు తీసుకొని ముందు వరండాలో కాపురమున్నది. అన్నం అక్కడే, పడక అక్కడే. లోపలికి రమ్మన్నచో "సభ్యురాల్ని కానిదాన్ని. చుట్టం లెక్క వచ్చిన. గీడ చాలు" అనును. షిఫ్టు దిగి పోవువారందరూ "ఏందవ్వా, బయట కూసున్నవ్?" అని అడుగుదురు. "టీవీ వద్దన్నది బిడ్డా" అని ఆమె చెప్పును. అయ్యా, ఆ మాట విని వారు నా దిక్కు చూచు చూపు తమరికి రాతలో తెలుపలేను. వేయిమందికి హాజరు వేసినవాడిని, తలెత్తి గేటు కాడ కూర్చోలేకపోతున్నాను.

అన్న జనగామ నుండి ఫోను చేసినాడు. "ఏం రా ఐలేశూ, అవ్వను ఇంటిది కాదన్నవట?"

"నేననలేదే! టీవీ అన్నది."

"టీవీ నీ ఇంట్లదే గదరా!"

వంతు నడుమ అవ్వ సంచి పట్టుకొని జనగామలో దిగితే, ఐలేశు తల్లిని వెళ్లగొట్టిండు అన్న మాట నేను పోయినాక కూడా ఉండును. ఆమె గురువారం పొద్దుటి బస్సుకు పోతానని అందరికీ చెప్పుచున్నది.

6. సదరు కంపెనీకి ఫోను చేయగా, "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని ఒక ఆడగొంతు నలభై నిమిషములు చెప్పినది. తరువాత దొరికిన పిల్లగాడు, "ఒకే ఇల్లు అంటే ఒకే వైఫై సర్" అన్నాడు. మా బాపు ఆస్తే పంచుకోలేదు బాబూ, వైఫై వేరైతే వేరుపడ్డట్టేనా అని అడిగితిని. అతడు కొంచెం ఆలోచించి, "ఏదైనా ప్రూఫ్ ఉంటే అప్‌లోడ్ చేయండి సర్" అని పెట్టేసినాడు. నన్ను వదిలించుకొనుటకు అన్నాడని అఖిల అంటున్నది. ప్రూఫ్ అడిగినవాడికి ప్రూఫ్ ఇచ్చుట నా ఉద్యోగ ధర్మం గనుక మీసేవకు పోయితిని.

7. మీసేవలో కుటుంబ సభ్యుల పత్రం కావలెనన్నాను. "ఎవరు చనిపోయిండ్రు సార్?" అని అడిగిరి. ఎవరూ చావలేదు, టీవీ చూచుటకు అన్నాను. ఆ కారణం కంప్యూటర్ జాబితాలో లేదని చెప్పిరి. అందువలన మా బాపు పోయినప్పుడు తీసిన పాత పత్రమే వెదికి, ఫోటో తీసి కంపెనీకి పంపితిని. అందులో పైన మా బాపు పేరు, కింద మా అవ్వ పేరు, మా ముగ్గురి పేర్లు వరుసగా ఉన్నవి. పది నిమిషములలో జవాబు వచ్చినది: "గుండెబోయిన కొమురయ్య గారూ, మీకు స్వాగతం! మొదటి నెల మీకు ఉచితం."

ఇది దాచవలెనని చూచితిని. అఖిల నవ్వు ఆపుకోలేక చదివేసినది. అవ్వ వరండాలోంచే విన్నది. "సచ్చినాయనకు జాగ ఇచ్చిండ్రు, బతికున్నదాన్ని బయట పెట్టిండ్రు" అన్నది. మా బాపు పోయినప్పుడు కూడా ఆమె గొంతు అట్ల వణకగా నేను వినలేదు.

8. ఇక లాభం లేదని "ఇంటిల్లిపాది ప్లస్" నా పేరనే వేరుగా తీసుకొంటిని. పైసలు కట్టితిని. టీవీ నోరు మూసుకొన్నది, సీరియల్ వచ్చినది. అవ్వను పిలిచితిని.

"పైసలు కడితే ఇంటిదాన్నయిన్నా? కిరాయికి ఉన్నట్టా?" అని అడిగినది. "టీవీ మాట నాకొద్దు, నీ మాట నాకొద్దు. సర్కారు ముద్ర గొట్టి చెప్తే నమ్ముత."

కావున తమరు దయతలచి,

(అ) చంద్రమ్మ, భర్త కీ.శే. కొమురయ్య, జనగామలోని ఇంటికి, బయ్యారంలోని ఇంటికి, భూపాలపల్లిలోని ఇంటికి, మూడింటికీ సొంత మనిషి అని ఒక పత్రం ఇప్పించవలెను. పచ్చ సిరా సంతకం, గుండ్రటి ముద్ర తప్పనిసరి. అక్షరములు పెద్దవిగా ఉండవలెను, ఆమె తానే చదువుకొనును.

(ఆ) యాప్‌లు అన్నింటికీ కలిపి రేషన్ కార్డు వలె ఒకే కార్డు, వాడకు ఒక డీలరు ఉండునట్లు పైవారికి వ్రాయవలెను. డీలరు ఉన్నచో కనీసం పోయి తిట్టుటకు ఒక మనిషి ఉండును.

(ఇ) "ఈ ఇంటి సభ్యులు కారు" అను మాట తీసివేసి, "పైసలు కట్టుండ్రి" అని సూటిగా వ్రాయించవలెను. పైసలడిగితే మాకు కొత్త కాదు, రోజూ ఎవరో ఒకరు అడుగుదురు. ఇంటిది కాదంటే ఏ తల్లి ఓర్చుకొనును?

ఇంత పొడుగు వ్రాసినందుకు క్షమించి చిత్తగించవలెను. తీరిక లేనిచో (అ) ఒక్కటి చిత్తగించినా చాలును, గురువారం లోపల.

ఇట్లు,
తమ విధేయుడు, టీవీ లెక్కన తన తల్లికి ఏమీ కానివాడు,
గుండెబోయిన ఐలేశ్

జతపరచినవి: టీవీ తెర ఫోటో 1, బాపు పోయినప్పటి పత్రం నకలు 1, బాపుకు వచ్చిన స్వాగతం నకలు 1.

తా.క. అయ్యా, నిన్న ఆదివారం ఈ అర్జీని మంచి కాగితం మీద ఎక్కించుచుండగా రుక్మిణి నా వెనుక నిలబడి చదివినది. భుజాల ముచ్చట వ్రాసినందుకు ముందు నన్ను తిట్టినది. తరువాత, "గింత దానికి కలెక్టరు దాక ఎందుకు? ఎవరు అత్తమ్మను ఇంటిది కాదన్నరో వాళ్లనే బయట పెడితె అయిపాయె" అని, అఖిలను పిలిచి, ఇద్దరూ కలిసి టీవీని గోడ నుండి ఊడదీసి వరండాలో అవ్వ పక్కన పెట్టినారు.

"అత్తమ్మా, నువ్వు లోపటికి నడువు. ఇగ ఇది ఉంటది బయట" అన్నది రుక్మిణి.

అవ్వ టీవీని చూచినది, కోడలిని చూచినది. సంచి తీసుకొని లోపలికి వచ్చినది. వంటింట్లో పీట వేసుకొని రెండు రొట్టెలు తిన్నది, మూడోది అడిగి పెట్టించుకొన్నది. నేను గోడ దిక్కు తిరిగి కండ్లు తుడుచుకొన్నాను, ఇది అర్జీలో వ్రాయదగినది కాదు.

సాయంత్రం మొగులు పట్టి చినుకులు మొదలైనవి. అవ్వ లేచి వరండాలోకి పోయినది. మళ్లీ అక్కడే కూర్చుంటుందేమోనని నేను వెంట ఉరికితిని. ఆమె తన దుప్పటి తీసి టీవీ మీద కప్పుచున్నది.

"తడుస్తాంది రా ఐలేశూ. తెల్వక ఏదో అన్నది. అట్లని బయట పెడతరా? అదిగూడ మన ఇంటిదే గద, లోపట వెట్టు."

కావున తమరు ఇప్పించు పత్రంలో చివరి పేరుగా టీవీని కూడా చేర్చగలరు. సంబంధం అను గడిలో "నోరు మంచిగ లేని మనుమడు" అని వ్రాయించమని అవ్వ చెప్పినది.