ఈతొచ్చిన గంగమ్మ

గిలకలదిండి, బందరు
మార్చి 1995

వన్ టౌన్ వెండికొట్టు కాశిం బాబుకి కొండలమ్మ దీవించి, కోడలు నాగమల్లేశ్వరి చేత రాయించేది.

మా కోటి కొత్త పడవకి నేను చేయమన్న గంగమ్మ బిళ్ళ అందింది. అమ్మవారికి నడుము కింద చేప తోక పెట్టావు. నేను బెదిరాను గాని, కోటి చూసి "ఈ తల్లికి ఈతొచ్చునే అమ్మా" అన్నాడు. నిరుడు పడవ బోల్తా పడ్డాక వాడు నీళ్ళలో కాలు పెట్టలేదు. నిన్న తనే పడవ తోసుకుని వేటకెళ్ళాడు. నీ చెయ్యి చల్లగుండ.

తా.క.: చుట్టూ ఇంగ్లీషు అక్షరాలెందుకు? బందరు గంగమ్మకి తెలుగు రాదనుకున్నావా?

విజయవాడ

కొండలమ్మ గారికి కాశిం నమస్కారాలు.

పొరపాటు జరిగిందమ్మా. మీ బిళ్ళ, పటమట వెంకటప్పయ్య గారి నాణెం ఒకేరోజు పార్శిల్ కట్టాను. అడ్రసులు తారుమారయ్యాయి. పసిఫిక్ సముద్రంలో పలావు అని చిన్న దీవుల దేశం, మొన్ననే స్వాతంత్ర్యం వచ్చింది. ఆ గుర్తుగా వేసిన వెండి నాణెం అది. బొమ్మ మత్స్యకన్యది. వెంకటప్పయ్య గారు దీవుల నాణేలు పోగేస్తారు. దీనికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. దయచేసి తిప్పి పంపండి.

తా.క.: అంచులు పట్టుకుని తీయండి. వేలిముద్ర పడితే ఆయన అన్నం మానేస్తారు.

గిలకలదిండి

కాశిం బాబుకి కొండలమ్మ దీవెనలు.

పలావు దేశపు తల్లి అని రాశావట. ఆ తల్లికి మా చలిమిడి ఎందుకు రుచించలేదో అప్పుడర్థమైంది. శుక్రవారం రొయ్యల పలావు వండి నైవేద్యం పెట్టాం. పేటంతా తిన్నారు. వేలిముద్రల దిగులు పెట్టుకోకు. చింతపండేసి తోమాను, ఒక్కటీ లేదు. బెజ్జం కొట్టించి పడవ ముక్కుకి మేకు దిగ్గొట్టాం.

తా.క.: కాశిం గారూ, ఇది నాగమల్లేశ్వరిని. మీ ఉత్తరంలో నాణెమన్నదీ, తిప్పి పంపమన్నదీ నేను బయటికి చదవలేదు. నిరుడు ఒడ్డుకొచ్చిన దగ్గర్నుంచి మా ఆయన నిద్రలో కూడా ఈదుతూనే ఉన్నారు. ఇప్పుడే కాస్త పడుకుంటున్నారు. ఏం చేయమంటారో మీరే చెప్పండి.

విజయవాడ

చెల్లెమ్మ నాగమల్లేశ్వరికి కాశిం రాసేది.

నాణెం అడగడానికి నాకు నోరు రాలేదు. వెంకటప్పయ్య గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. చింతపండు దగ్గర కుర్చీలో కూలబడ్డారు. బెజ్జం దగ్గర మంచినీళ్ళడిగారు. మీ బిళ్ళ పట్టుకుని, ఆదివారం బస్సుకి ఆయనే వస్తున్నారు. మర్యాదగా చూడండి.

తా.క.: భోజనంలోకి చారు పెట్టకండి.

గిలకలదిండి

కాశిం అన్నయ్య గారికి నాగమల్లేశ్వరి నమస్కారాలు.

వెంకటప్పయ్య గారు వచ్చారు. అత్తయ్య వంటలో ఉంది. ఆయన పడవ ముక్కు దగ్గర భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, "ఇది అమ్మవారు కాదు నాయనా, నాణెం" అని మా ఆయనతో అనేశారు.

"తెలుసండీ, వెనకాల డాలరని ఉందిగా" అన్నారు మా ఆయన. "దీన్ని చూసి మా అమ్మ, ఈవిడ ఎంత సంబరపడ్డారో. నిరుణ్ణుంచీ వాళ్ళ మొహాలట్టా చూళ్ళా. ఇంకా ఒడ్డునెట్టా కూచుంటానండీ?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

వెంకటప్పయ్య గారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. ఇన్ని దీవుల నాణేలు పోగేశాను గాని సముద్రం మీదకి ఎప్పుడూ వెళ్ళలేదు, ఒకసారి తీసుకెళ్తావా అనడిగారు. మా ఆయన తీసుకెళ్ళారు. పెద్దాయన వాంతులతో తిరిగొచ్చి, ఇసకలో వెల్లకిలా పడుకుని, "దాన్నక్కడే ఉండనియ్యి, మళ్ళీ వస్తా" అన్నారు.

తా.క.: పక్క పడవల వాళ్ళు కూడా అలాంటి తల్లి కావాలంటున్నారు. ఆ దేశానికి రాసి తెప్పిస్తానని వెంకటప్పయ్య గారు ఒప్పుకున్నారు. బెజ్జాలు మాత్రం తను లేనప్పుడు కొట్టుకోమన్నారు.