పంచమి నాటి గూడ్సు బండి

శివరాజ్ గారికి,

నాందేడ్ నుంచి మీ భాగ్యవతి నమస్కారాలు. ఇక్కడ అత్తమ్మ, నేను హాయిగా ఉన్నాం. మీరూ ఆ కొండల్లో వేళకు తింటూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. మీరు పనిచేసే సొరంగం దగ్గర ఫోను పలకదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మన ప్లాటు మట్టి చూశావా అని పోయిన ఉత్తరంలో అడిగారు. చూశాను. ఆ మధ్య భూమి అదిరినప్పటి నుంచి గోదావరి పక్కన ఇల్లంటే అత్తమ్మ ససేమిరా అంటున్నారు కదా. ఆవిడ భయం ఉత్తది కాదు. నీళ్లు నిండిన వదులు ఇసుక గట్టిగా ఊగితే గంజిలా జారిపోతుంది, మీదున్న ఇల్లు కుంగుతుంది. మన ప్లాటు అడుగున అంతా అదే ఉంటే దాన్ని వదులుకొని మళ్లీ అద్దె ఇళ్లు వెతుక్కోవాలి.

మా నేల పరీక్షల ల్యాబు వాళ్లు అదురు కొలిచే యంత్రాన్ని ఒక్క రోజుకు ఇచ్చారు. ఆ రోజు నాగపంచమి అని నాకు తట్టనే లేదు. నేల మీద సెన్సర్లు పరిచి, సుత్తితో కొట్టి, ఆ అదురు ఎంత వేగంగా పోతుందో చూడాలి. గట్టి నేలలో త్వరగా, వదులు నేలలో నిదానంగా పోతుంది. మా ల్యాబు మారోతి సుత్తి ఎత్తాడో లేదో, అత్తమ్మ అడ్డంగా నిలబడ్డారు.

“పంచమి పూట భూమికి దెబ్బ కొడ్తరా? మనం నాగలి గూడ ముట్టం. మేకు గూడ దిగొద్దు.”

“మరి ఎట్ల అత్తమ్మా? యంత్రం రేపు వాపస్ ఇయ్యాలె.”

“గదంత నాకు తెల్వది. ఆ సుత్తె బండ్ల పెట్టుమను.”

అప్పుడే ప్లాటు పక్కనున్న పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది, కాళ్ల కింద నేల సన్నగా వణికింది. ఇక మనం కొట్టడం ఎందుకు, ఈ అదురునే కొలిస్తే చాలదా? సెన్సర్ల అడుగున నేలలో దిగే మేకులు విప్పి, రేకు పాదాలు బిగించి, గుండ్రంగా నేల మీద ఊరికే పెట్టాం. నది వైపు కాసేపు, రోడ్డు వైపు కాసేపు రైళ్ల కోసం కూర్చున్నాం. నిజానికి రైలు అదురు సుత్తి దెబ్బ కంటే లోతుకు పోతుంది. “కదలకుండ్రి, రైలస్తుంది” అని అత్తమ్మ మమ్మల్నే గదమాయించారు. పుట్టలో పోయగా మిగిలిన పాలతో చాయ్ కూడా పెట్టించారు.

నది వైపు ఇసుక వదులే. రోడ్డు వైపు మాత్రం కొంచెం లోతులోనే గట్టి మొరం ఉంది. బోరు వేసి మట్టి తీసి చూశాకే రిపోర్టు మీద సంతకం పెడతాను గాని, నా మనసు అప్పుడే గృహప్రవేశం చేసేసింది. “రోడ్డు దిక్కైతే నేనస్త” అని అత్తమ్మ ఒప్పుకున్నారు. మీరడిగిన గోదావరి వరండా మాత్రం కుదరదు, మేడెక్కి చూద్దురుగాని.

ఇక ఇంతదాకా దాచిన మాట. పోయిన ఉత్తరంలోనే రాయబోయి, నేల సంగతి తేలనీ అని ఆగాను. ఎందరి నేలలనో పరీక్షించాను, ఏ ఫలితాన్నీ రెండుసార్లకు మించి చూడలేదు. ఆ రోజు తెర మీద అదురు గీతను మాత్రం పదే పదే చూసుకున్నాను. మనకు పుట్టబోయే బిడ్డ పాకేది ఆ నేల మీదే. అత్తమ్మకు ఇంకా చెప్పలేదు, ముందు మీకే. ఈ సంతోషం దాచుకోవడం నా వల్ల కావడం లేదు, త్వరగా రండి.

ఇట్లు,
మీ బిడ్డ తల్లి,
భాగ్యవతి