పెన్సిల్ పెట్టకండి

డోర్నకల్,
14-11-1978

లక్ష్మీకాంత్ అన్నకు,

ఈసారి కుశల ప్రశ్నలు రాయబుద్ధి కావడం లేదు. జనగామలో స్టూడియో నడిపే మనిషి, నాలాంటి రైల్వే గుమాస్తాకు నాలుగు మంచి మాటలు నేర్పుతారని ఓదెమ్మ ఫొటోనూ నెగటివ్‌నూ పంపి మీ అభిప్రాయం అడిగాను. వెలుగు ఎట్లా పడిందో చెబుతారనుకున్నాను. మీరు తిప్పి పంపిన ఫొటో వెనక రాసిందేమిటి? "మనిషి నలుపు. ముఖం నిండా అమ్మవారి గుంటలు. నెగటివ్ మీద పెన్సిల్ టచింగ్ చేసి పూడ్చేస్తాను. ఈసారి అందమైన పిల్లను మోడల్‌గా చూసుకో."

ఆ గుంటల్లో నీడ నిలవాలనే మూడు ఆదివారాలు ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. స్టేషన్‌లో సీతాఫలాల బేరం మానుకొని మరీ కూర్చుంది.

ఏం రాశారని ఓదెమ్మే అడిగింది. చదువు రాని మనిషికి అబద్ధం చెప్పడం తేలిక. చెప్పలేక, ఉన్నదున్నట్టు చదివాను. ఆమె గంప సర్దుకుంటూనే అన్నది:

"అమ్మవారు పోసినప్పుడే మా ఇద్దరు తమ్ములను పూడ్చినం. నేనొక్కదాన్నే మిగిలిన. గాయన ఇంకేం పూడుస్తడట?"

నెగటివ్ వెంటనే తిరిగి పంపండి. ఇప్పటికే పెన్సిల్ పెట్టి ఉంటే మీ దగ్గరే ఉంచుకోండి. అది ఓదెమ్మది కాదు.