తీగల ఎత్తు

తమ్ముడూ,

బేస్ గిటార్ అందింది. "తేమకి మెడ కాస్త వంగిందన్నా, సరిచేశాను" అని మళ్లీ చీటీ పెట్టావు. ఏడాదిలో ఇది నాలుగోసారి. మెడ వంగలేదని నాకు తెలుసు. నా వేళ్లలో పట్టు తగ్గుతోందని నాకంటే ముందే కనిపెట్టి, నేను నొక్కగలిగేలా ప్రతిసారీ తీగలు కొంచెం కిందికి దించుతూ వచ్చావు. నేనూ ఏమీ ఎరగనట్టే ఉన్నాను.

మొన్న ఆదివారం మనవాళ్లతో వాయిస్తుంటే మరీ కిందికి దిగిన తీగలు మెడమీది మెట్లకు తగిలి ఒకటే గరగర. డ్రమ్ములు వాయించే బావ నా చేతివైపు చూడకుండా, "నీ స్పీకరు పాతబడిపోయింది బావా, కొత్తది చూద్దాంలే" అన్నాడు. బావకీ తెలుసన్నమాట.

ఇక దించడానికి చోటు లేదు. గిటార్ మీ వదినతో పంపుతున్నాను. తీగలు మళ్లీ మొదటి ఎత్తుకి లేపి మీ అమ్మాయికి ఇవ్వు. దాని వేళ్లు గట్టివి. బేస్ లేకపోతే మనవాళ్ల పాట నిలబడదు. ఆదివారం నేనూ వస్తాను, నా కుర్చీ మాత్రం తియ్యకండి.

ఎప్పుడైనా మనసు ఊరుకోక, "ఒక్కసారి సరిచేసి ఇవ్వరా" అంటూ నేనే నీ దగ్గరికి వస్తే, మెడ బాగానే ఉందన్నా అని చెప్పు.

నీ అన్న