మనవుల పుస్తకంలో నీ పేజీ

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమమే, అంటే తింటున్నాం, తిరుగుతున్నాం. ఇంటికి కాకుండా నీ ఆఫీసుకే రాయమన్నావు కదా, అలాగే రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న మోకాలు కాస్త నయం. పై గది కప్పు కారుతూనే ఉంది. మన ఇంట్లో శుక్రవారం ప్రార్థన కూడికకి ఇప్పుడు పదకొండుమంది వస్తున్నారు. కుర్చీలు చాలక మంచం మీద కూర్చుంటున్నారు. "మీ గుంపు ఎదిగినట్టు ఏదీ ఎదగలేదమ్మా, ఆ కిటుకేదో మిగతా నాయకులకీ నేర్పండి" అన్నారు పాస్టరుగారు. కిటుకట! ఒళ్ళు మండింది.

ఆ కిటుకు ముందు నీకే చెప్పాలి. "మా ఆయనకి ఎవరు చెప్పారమ్మా? నీకొక్కదానికే కదా చెప్పాను" అని అడిగావు. మన ఫోను మాటలు మా గుంపులోని టైపిస్టు చాటుగా విన్నదని పోయిన ఉత్తరంలో రాశాను. అబద్ధం.

మొదట్లో మేం ఆరుగురమే. బైబిలు వాక్యం చదివాక ప్రార్థన మనవులు అడిగి పుస్తకంలో రాసుకునేదాన్ని. ఒకావిడకి తలనొప్పి, ఇంకొకావిడ కొడుక్కి ప్రమోషను. ఏడాదంతా ఇదే పాట. మనసు విప్పితేనే ఆత్మీయంగా ఎదుగుతారని పాస్టరుగారి పోరు. నాయకురాలే ముందు విప్పాలి కదా. నాకు లేదా చెప్పుకోవడానికి? మీ నాన్నా నేనూ మనసిచ్చి మాట్లాడుకుని పదేళ్ళయింది. అది చెప్పడానికి నామోషీ అనిపించింది. నీది చెప్పేశాను. మీ ఆయన కొడుతున్నాడని, వేరే గది చూసుకున్నావని, నెలాఖరుకి వెళ్ళిపోతావని, అంతా.

ఏడ్చారే అందరూ! మందుల షాపావిడ తన కష్టం చెప్పుకుంది. ఆ రోజు నుంచే గుంపు లేచింది. నా మీద ఎంత గౌరవమో! సిగ్గులేకుండా మురిసిపోయాను.

టైపిస్టు తమ్ముడిది మీ ఆయన ఆఫీసే. ఆ మహానుభావుడు వెళ్ళి, "మీ ఆవిడ ఇల్లు విడిచి వెళ్ళిపోకుండా, మీ ఇంట్లో శాంతి సమాధానాల కోసం మా అక్కావాళ్ళు ఉపవాసం ఉంటున్నారండీ" అన్నాడట. మంచి మనసుతోనే అన్నాడు. ఆ సాయంత్రమే మీ ఆయన నీ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేశాడు, చూసుకున్న గదీ చేజారింది. నేనేమో టైపిస్టుని నోటికి అదుపు లేదని తిట్టి గుంపులోంచి పంపేశాను. "మీరే కదా మేడమ్, ప్రార్థన చెయ్యమన్నారు" అంది బిక్కమొహం వేసుకుని.

మొన్న శుక్రవారం అందరి ముందూ ఒప్పుకున్నాను. ఒక్కరైనా ఛీ అంటారనుకున్నాను. "ఎంత తగ్గింపు మనసు మేడమ్ మీకు!" అన్నారు. నా పశ్చాత్తాపం కూడా మనవుల్లో రాసుకుందామని పెన్ను తీశారు. పుస్తకం లాక్కున్నాను. మర్నాడు టైపిస్టు ఇంటికి వెళ్ళాను, తలుపు తీయలేదు. గుంపు నడపలేనని చెబితే పాస్టరుగారు "ఇది సాతాను పెట్టే శోధనమ్మా, నిలబడండి" అన్నారు. నిలబడను.

క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తే అదీ పదిమందికి సాక్ష్యంగా చెప్పుకుంటానేమోనని నా మీద నాకే భయం. నీ పేరున్న పేజీ చించి ఇందులో పెట్టాను. నా చేతిరాతే, గుర్తుపడతావు. కింద ఉన్నవి, నీ కోసం రోజూ ప్రార్థిస్తామని వాళ్ళు చేసిన సంతకాలు.

మళ్ళీ ఎక్కడైనా గది దొరికితే వెళ్ళిపో తల్లీ. ఎక్కడికో నాకు మాత్రం చెప్పకు.

ఇట్లు,
నీ మాట దాచలేకపోయిన
అమ్మ