ఆరు అంకెలు

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. నువ్వూ మరదలూ పిల్లలూ అక్కడ చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం పోయిన మంగళవారమే అందింది. జవాబు రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఏమీ అనుకోకు.

అడిగినవాటికి వరసగా చెబుతాను. మోకాలు చూపించుకున్నాను. మెట్లు ఎక్కడం తగ్గించమన్నారు. మా పరీక్షల విభాగం మూడో అంతస్తు అని నీకు తెలుసుగా. ఇప్పుడు ఆ మెట్లు ఎక్కే పని లేదు, నొప్పి తగ్గింది. మీ బావ రిటైరైనా ఐదింటికే లేచి, డ్యూటీకి వెళ్ళే డ్రైవరులాగా తయారై, వరండాలో పేపరు పట్టుకుని కూర్చుంటున్నారు. "బస్సు ఎన్నింటికి?" అంటే "ఇంకా ప్యాసింజర్లు ఎక్కలేదు" అంటారు.

మెయిల్ పంపితే వెనక్కి వస్తోంది, ఫోను చేస్తే ఊఁ కొట్టడం తప్ప మాట్లాడవు, ఏమైందక్కా అని రాశావు. యూనివర్సిటీ వాళ్ళు నా ఖాతా మూసేశారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఫోనులో చెప్పలేనిది ఒకటుంది, అందుకు కూడా.

అమ్మ ఆఖరున ఏమంది అని కూడా అడిగావు. దానికి చివర్లో జవాబు చెబుతాను.

ఏడాదిన్నర కిందట ఇంకో కాలేజీలో విద్యార్థుల వివరాలన్నీ దొంగలపాలయ్యాయని మా రిజిస్ట్రారు గారు కంగారుపడి సైబర్ భద్రతా విధానం అని ఒకటి తయారు చేయించారు. పద్నాలుగు పేజీలు. టైపు చేసింది నేనే. సిబ్బంది రెండువందల పన్నెండు మంది చేతా సంతకాలు పెట్టించిందీ నేనే. చరిత్ర ప్రొఫెసరు గారు "నా పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచండమ్మా, నేను మర్చిపోతాను" అన్నారు. "అది చేయకూడదనే ఇందులో ఉంది సార్, సంతకం పెట్టండి" అన్నాను. పెట్టారు. సంతకం కింద పాస్‌వర్డు కూడా రాసి ఇచ్చారు.

మూడో పేజీలో ఒక నియమం ఉంది. లోపలికి వెళ్ళాలంటే పాస్‌వర్డు ఒక్కటే చాలదు, ఫోనుకు ఆరంకెల నంబరు వస్తుంది, అదీ కొట్టాలి. ఆ నంబరు ఎవరికీ చెప్పకూడదు, కంప్యూటర్ సెక్షన్ వాళ్ళు అడిగినా సరే. కంప్యూటర్ సెక్షన్ అధికారి గోడలకు తాళం బొమ్మలు అంటిస్తూ తిరుగుతాడని ఆయన్ని అందరూ తాళాల మాస్టారు అంటారు. బొమ్మ కింద రాయడానికి ఒక మాట చెప్పండి పెద్దక్కా అన్నాడు. "నంబరు అడిగినవాడు మనవాడు కాదు" అన్నాను. అదే అచ్చు వేయించాడు. నా కుర్చీ వెనక గోడ మీద కూడా ఒకటుంది.

మమ్మల్ని పరీక్షించడానికి నెలకోసారి దొంగ మెయిళ్ళు కూడా పంపేవాడు. అందులోని లింకు నొక్కినవాళ్ళకు రెండు గంటల క్లాసు. నేను ఒక్కసారీ నొక్కలేదు. సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆ తర్వాత క్లాసులు నన్నే చెప్పమన్నారు, చెప్పాను.

ఇక ఆస్పత్రి సంగతి. అమ్మ దగ్గర నేను పంతొమ్మిది రోజులు ఉన్నాను. అదే సమయంలో హాల్ టికెట్లు బయటకు పోవాలి. వాటికి సూపరింటెండెంటుగా నా ఖాతాలోంచే అనుమతి పడాలి. నా పక్క సీటులో ఉండే పిచ్చుకను నువ్వు చూశావు, అమ్మ పోయినప్పుడు అందరికీ కాఫీలు పోసింది. నోరు మూత పడదని ఆ పేరు. కాంట్రాక్టు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. "మీరు అమ్మగారి దగ్గర ఉండండి పెద్దక్కా. పాస్‌వర్డు చెప్పండి, ఇక్కడ నేను చూసుకుంటా. పోస్టరు వైపు చూడకుండా చెప్పండి చాలు" అంది. చెప్పాను.

రోజూ రెండు మూడుసార్లు ఫోను చేసేది. నా ఫోనుకు వచ్చిన నంబరు చదివి చెప్పేదాన్ని. వార్డులో ఫోను మాట్లాడకూడదు కాబట్టి కారిడార్ చివర కిటికీ దగ్గరకు వెళ్ళేదాన్ని. అమ్మకు అది అలవాటైపోయింది. ఫోను మోగగానే "నీ అంకెలవాళ్ళు వచ్చారు, వెళ్ళు" అనేది. తిరిగొస్తే "ఎంతకు కుదిరింది?" అని అడిగేది. నవ్వే ఓపిక లేకపోయినా అడిగేది.

అమ్మ పోయింది బుధవారం. నువ్వు గురువారం వచ్చావు.

రెండు వారాల తర్వాత తెలిసింది, నాలుగు వేలమంది విద్యార్థుల చిరునామాలు, ఫోను నంబర్లు, తల్లిదండ్రుల వివరాలు ఎవరో ఎత్తుకుపోయారని. మార్కుల ఫైళ్ళు తెరుచుకోలేదు. అంతకుముందు రాసిన పరీక్షల ఫలితాలు ఆగిపోయాయి. పైచదువులకు దరఖాస్తు పెట్టుకున్న పిల్లలు మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. దొంగ లోపలికి వచ్చింది నా ఖాతాలోంచి, ఆ బుధవారం సాయంత్రం నాలుగూ పదకొండుకు. నంబరు సరిగ్గా కొట్టి వచ్చాడు.

విచారణ కమిటీ వేశారు. పిచ్చుక ఏమీ దాచలేదు. "పెద్దక్క పాస్‌వర్డు వాడాను. పొద్దున రెండుసార్లు నంబరు అడిగాను. సాయంత్రం అడగలేదు" అంది. పొద్దున చేసింది విభాగం ఫోను నుంచి. అందులోంచి ఎవరు ఎప్పుడు చేశారో లెక్క ఉండదు. సాయంత్రం కూడా అదే ఫోను నుంచి చేసి, నంబరు తీసుకుని, ఎవరికో ఇచ్చి ఉంటుందని వాళ్ళ అనుమానం.

నన్ను పిలిచి, "సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఈమె ఫోను చేసిందా?" అని అడిగారు.

నేను అన్నాను: "గుర్తు లేదండి. ఆ సమయానికి మా అమ్మ పోతోంది. ఆమె చేయి పట్టుకుని ఉన్నాను."

ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అధ్యక్షుడు "ఇంక ఆవిణ్ణి అడగొద్దు" అన్నాడు. పిచ్చుక నా వైపు చూసి, "పాపం, పెద్దక్కను వదిలేయండి సార్" అంది. వారంలో ఆమెను పనిలోంచి పంపేశారు. పాస్‌వర్డు చెప్పినందుకు నాకు హెచ్చరిక కాగితం ఇచ్చి ఊరుకున్నారు.

తమ్ముడూ, ఆ సమయానికి నేను అమ్మ చేయి పట్టుకుని లేను.

అంతకు రెండు రోజుల ముందు నా ఫోనుకు, సెలవు పొడిగింపు మంజూరైంది, లోపలికి వచ్చి చూసుకోండి అని మెయిల్ వచ్చింది. మంజూరు కోసం ఎదురుచూస్తున్నాను కాబట్టి పాస్‌వర్డు కొట్టి చూశాను. ఏమీ కనిపించలేదు. తర్వాత చూద్దామనుకుని మర్చిపోయాను. అది దొంగ మెయిలు, నా పాస్‌వర్డు వాళ్ళకు దొరికింది అక్కడే. బుధవారం నాలుగూ ఎనిమిదికి ఫోను మోగింది. పిచ్చుకే అనుకుని కారిడార్‌లోకి వెళ్ళాను. మగగొంతు. "కంప్యూటర్ సెక్షన్ నుంచి మేడం. మీ ఖాతా రెండు చోట్ల తెరిచి ఉంది, హాల్ టికెట్లు ఆగిపోతాయి. ఇప్పుడొచ్చిన నంబరు చెప్పండి." మర్యాదగానే మాట్లాడాడు. చెప్పాను. అది పనిచేయలేదు, ఇంకోటి వస్తుంది, లైనులో ఉండండి అన్నాడు. ఉన్నాను. కింద ఒకతను అంబులెన్సు కడుగుతున్నాడు. చక్రాల దగ్గర ఎర్ర బక్కెట్టు ఉంది. రెండోది వచ్చింది. ఒక్కో అంకె విడివిడిగా చదివాను, క్లాసులో చెప్పేటప్పటి గొంతుతోనే. పంతొమ్మిది రోజులుగా ఎవరు అడిగినా చదువుతూనే ఉన్నాను, అలవాటైపోయింది. మూడు నిమిషాలు.

తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. నర్సు "ఎక్కడికెళ్ళారమ్మా? ఇప్పుడే" అంది.

నువ్వొచ్చి "ఎలా పోయిందక్కా?" అన్నావు. నా చేతిలో అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నీ మొహం చూస్తే అదే వచ్చింది. ఆ మాట నువ్వు మీ ఇంట్లో చెప్పుకున్నావు, బంధువులకు రాశావు, ఈ ఉత్తరంలోనూ "అమ్మ నీ చేతిలో పోయింది, నాకు ఆ ఒక్కటే ధైర్యం" అన్నావు. అదే మాట తీసుకెళ్ళి కమిటీ ముందు పెట్టాను. అక్కడ అది నన్ను కాపాడింది. పిచ్చుకను పోగొట్టింది.

పది వారాలు ఊరుకున్నాను. రోజూ ప్రార్థన చేశాను. మాటలు నోటికి వస్తూనే ఉన్నాయి, అంకెలు వచ్చినట్టు. అంతకంటే ఏమీ లేదు.

తాళాల మాస్టారు ఒకసారి నా టేబులు దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు. "నంబరు మీ ఫోనుకే కదా పెద్దక్కా వచ్చేది? ఆ రోజు మీకొచ్చిన కాల్స్ లిస్టు ఒకటి తెప్పించి ఇస్తారా?" తర్వాత ఇస్తానన్నాను. మళ్ళీ అడగలేదు. పోస్టరు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

నీ ఉత్తరం వచ్చాక, మొన్న సోమవారం ఆ లిస్టు తెప్పించి కమిటీకి ఇచ్చాను. ఆస్పత్రి కాగితం కూడా జతచేశాను. ఫోను నాలుగూ ఎనిమిది నుంచి నాలుగూ పదకొండు వరకు. అమ్మ పోయిన సమయం నాలుగూ పది. రెండూ పక్కపక్కన పెట్టి చదివారు. నన్ను సస్పెండ్ చేశారు. బరువు దిగుతుంది అంటారుగా, నాకలా ఏమీ అనిపించలేదు. మెట్లు దిగి ఇంటికి వచ్చి బట్టలు మడతపెట్టాను.

మర్నాడు పిచ్చుక ఇంటికి వెళ్ళాను. "రండి రండి, ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు కూర్చోండి, ఎండలో ఎందుకొచ్చారు" అని మొదలుపెట్టింది. చెప్పాను. పదేళ్ళలో మొదటిసారి ఆమె నోరు మెదపలేదు.

తర్వాత అంది: "పది వారాలు, పెద్దక్కా."

"అవును."

"మీకు ఆస్పత్రికి క్యారేజీ తెచ్చాను నేను. ఆ కమిటీ గదిలో మీకోసం బతిమాలాను."

"అవును."

"అవును అవును అంటారేంటి? నన్ను కాసేపు తిట్టుకోనివ్వరా?"

తిట్టుకోమన్నాను. తిట్టింది, చాలాసేపు. పిల్లవాడు బడి నుంచి వచ్చాక ఆపింది. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "మెట్లు చూసుకుని దిగండి" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆమెను తిరిగి తీసుకునే సంగతి వచ్చే సోమవారం తేలుస్తారట. తీసుకుంటారనే తాళాల మాస్టారు అంటున్నాడు.

మీ బావకు అన్నీ చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టి, "తమ్ముడికి ముందు రాయి. వాడు ఇంకొకరి నోట వినకూడదు" అన్నారు. అందుకు ఈ ఉత్తరం. నీ ధైర్యం తీసేస్తున్నానని తెలుసు. నాకు ఏడుపు రావడం లేదు, నువ్వు ఏడిస్తే ఏడువు. కోపం వస్తే నాలుగు రోజులు ఆగి అయినా రాయి. ఎప్పుడు రాసినా చదువుతాను.

అమ్మ ఆఖరున ఏమందో నాకు తెలియదు. ఏమైనా అని ఉంటే విన్నవాళ్ళు లేరు. నేను విన్నంతవరకు చెబుతాను. ఆ రోజు రెండు చెంచాల నీళ్ళు తాగింది. ఫోను మోగింది. నా చేయి తనే వదిలి, "వెళ్ళు, అంకెలు చెప్పేసి రా" అంది.

ఇట్లు,
చెప్పేసి, ఆలస్యంగా వచ్చిన
నీ పెద్దక్క